పందికొక్కు నడిచినంతసేపు

డాక్టర్ జయరాముడిని కాల్చి చంపినవాళ్లు ఆయన పర్సు ముట్టుకోలేదు. చేతి వాచీ జోలికీ పోలేదు. ఆయన పెంచుకుంటున్న పందికొక్కును మాత్రం బోనుతో సహా ఎత్తుకుపోయారు.

అనంతపురంలో ఆ వార్త విన్నవాళ్లు నవ్వారు. వరసగా మూడో ఏడు వాన మొహం చాటేసింది. వేరుశనగ చేలు బీళ్లయ్యాయి. జనం మూటాముల్లె సర్దుకుని బెంగుళూరు బస్సులెక్కుతున్నారు. ఇలాంటి రోజుల్లో పందికొక్కును దొంగిలించే దొంగ కూడా ఉన్నాడంటే నవ్వక ఏం చేస్తారు?

నవ్వనివాడు ఒక్కడే. పేరు హనుమంతరాయుడు. ఫైళ్లలో ఏజెంట్ టీ-17. కళ్యాణదుర్గం పక్క పల్లెలో పుట్టి, ఢిల్లీలో జీతం తీసుకుంటున్న మనిషి. ప్రస్తుత వేషం ఎలుకల మందు అమ్మేవాడిది: మాసిన లుంగీ, భుజాన సంచీ, మెడలో ట్రాన్సిస్టర్. ఆ ట్రాన్సిస్టర్ పాటలూ పాడుతుంది, పరాయివాళ్ల సిగ్నల్సూ పట్టుకుంటుంది.

అతను ఒక సైకిల్ షాపు ముందు ఆగి, ట్యూబుకు పంక్చర్ వేస్తున్న మనిషిని అడిగాడు.

“ఈ యేడన్నా చెరువు నిండుతుందా?”

“నిండితే నేనే దూకి సస్తా,” అన్నాడు ఆ మనిషి తల ఎత్తకుండా.

కోడ్ సరిపోయింది. వెనక గది తలుపు తెరుచుకుంది. లోపల ఒక పాత టైర్ల గుట్ట మీద చీఫ్ రామదాసు కూర్చుని ఉన్నాడు. ఈ జిల్లాలో పుట్టి ఈ జిల్లాలోనే ముసలివాడైన ఆఫీసరు.

“కూచోప్పా. టైమ్ లేదు. ఓరియన్ సిండికేట్ పేరు వినింటావే?”

“వజ్రాల ముఠా. యూరప్ వాళ్లు సార్.”

“వజ్రకరూరు దిక్కు భూములన్నీ బినామీ పేర్లతో కొంటాండేది ఆళ్లే. రైతులు కరువుకు తట్టుకోలేక అమ్ముకుంటాండారు. ఇప్పుడేమో కాలువ కమిషన్ వచ్చిండాది. ఆ భూములకు కాలువ ఇయ్యొచ్చని కమిషన్ రాసిందంటే ఒక్క రైతూ గుంట భూమి అమ్మడు. అందుకని కమిషన్‌నే లేపేయాలని ప్లాన్. ఈ పొద్దే.”

“కమిషన్ యాడ మీటింగు పెడతాండాది సార్?”

“మనకు చెప్పలా. సెక్యూరిటీ అంట. శత్రువుకు తెలుసు, మనకు తెలీదు. మన గవర్నమెంటు తెలివి అంత!”

“మరి పందికొక్కు?”

“అది ఎల్సాను అడుగు. చచ్చిపోయిన డాక్టరు ఎలుకల మెదడు మీద పరిశోధన చేసేటోడు, ఆయనకు అసిస్టెంటు. మన మనిషే, రిపోర్టులు పంపుతాంటాది.” చీఫ్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. “రిపోర్టులు మరీ చక్కగా ఉంటాయప్పా. అదే నాకు నచ్చలేదు.”

హనుమంతరాయుడు లేచాడు. కాలువ! తన ఊరి బావి ఎండిపోయిన నాటి నుంచి ఆ మాట వింటూనే ఉన్నాడు. కాలువ మీద నమ్మకం ఎప్పుడో పోయింది. కానీ కాలువ రాయగలవాళ్లు బతికి ఉంటేనే కదా, ఏనాటికైనా రాసేది?

*

బుక్కరాయసముద్రం శివారులో రేకుల షెడ్డు. తలుపు తీసింది ఎల్సా. తెల్ల కోటు, నల్ల కళ్లద్దాలు, ఎర్రటి మడమల చెప్పులు. ఆ దుమ్ములో ఆ చెప్పులకు మరకైనా అంటలేదు. ఆమె తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు; ఒక్క అక్షరం కూడా జారదు.

“మీరు ఆలస్యంగా వచ్చారు. రండి, చూపిస్తాను.”

నెత్తి మీద సన్నని తీగ అతికించిన ఒక ఎలుకను చెక్క దారుల్లో వదిలింది. పక్కనున్న స్పీకర్ టపటపమని మోగసాగింది. ఎలుక వేగం పెంచితే శబ్దమూ వేగం పెంచింది.

“ఇది నడుస్తున్నప్పుడు మెదడులో పుట్టే లయ. సెకనుకు ఏడెనిమిది అలలు. తాను ఎక్కడ ఉన్నదీ, ఏ మలుపు తిరగవలసినదీ, ఎలుక ఈ లయతోనే పోల్చుకుంటుందని డాక్టర్ గారి నమ్మకం.”

ఎలుక మూల తిరిగి, అక్కడ పెట్టిన వేరుశనగ గింజ దొరకగానే చతికిలబడింది. స్పీకర్ గరగరమని చెదిరి, లయ ఆగిపోయింది.

“చూశారా? తినడానికి కూర్చుంటే లయ ఉండదు. పెద్ద చప్పుడుకు బెదిరి బిగుసుకుపోయినా ఉండదు.”

“గింజ దొరక్కపోతే?”

“వెతికి వెతికి, వచ్చిన దారినే నా దగ్గరకు వస్తుంది. నా వెంటే తిరుగుతుంది. అలా నేర్పాను.” ఆమె గొంతులో గర్వం దాగలేదు.

హనుమంతరాయుడి చూపు షెడ్డు వెనక భాగం మీద పడింది. అక్కడ సిమెంటు తూములు కలిపి పరిచిన పొడవాటి దారి ఉంది. ఎలుకకు అంత వెడల్పు దారి అక్కర్లేదు; పందికొక్కుకు కావాలి. మధ్యలో ఆ దారి ఒక బండరాయిని చుట్టి విచిత్రంగా వంపు తిరిగింది.

“అదేమిటి?”

“తాడిపత్రిలో ఒక గెస్ట్ హౌస్ తూముకు నమూనా. శత్రువుల లక్ష్యం అదే. మీరు వెంటనే అక్కడికి వెళ్లండి.”

“తాడిపత్రి కాదు,” అన్నాడు అతను. “కళ్యాణదుర్గం సర్కారు బంగళా. అడ్డమొచ్చిన గుండురాయి పగలక తూమును దాని చుట్టూ వంచారు. కరువు పనుల్లో ఆ తూము తవ్వినోళ్లలో మా నాయన ఒకడు. నేను తీసుకుపోయిన అన్నం ఇద్దరం అక్కడే తినేవాళ్లం.”

ఎల్సా కోటు జేబులోంచి పిస్టల్ బయటకు వచ్చింది.

“మీకు తెలిసి లాభం లేదు,” అందామె నెమ్మదిగా. “పోలీసులు తెల్లవారుజామునే హాలంతా సోదా చేశారు. ఇక వెళ్లేది పందికొక్కు. దాని వీపు మీద ప్లాస్టిక్ బాంబు. మెదడులో తీగ. లయ నడిచినంతసేపు బాంబు నిద్రపోతుంది. వేదిక కింద నేను పొద్దుటే చల్లివచ్చిన శనక్కాయల దగ్గర అది కూర్చుంటుంది. లయ ఆగుతుంది, బాంబు పేలుతుంది. కాల్చినా పేలుతుంది. పట్టుకుని అదిమినా పేలుతుంది. ఏం చేస్తారు?”

పిస్టల్ దించకుండానే ఆమె వెనక్కి నడిచి బయటకు వెళ్లింది. తలుపు బయటి నుంచి గడియపడింది. జీపు చప్పుడు దూరమైంది.

*

పైకప్పు రేకు ఊడదీసి బయటపడి, దారిలో అడిగి తీసుకున్న మోటార్‌సైకిల్ మీద కళ్యాణదుర్గం చేరేసరికి, బంగళా వెనక తూము దగ్గర జీపు నిలబడి ఉంది. పక్కనే బోను. తలుపు తెరిచి ఉంది. జీపులో కూర్చుని సిగరెట్ తాగుతున్న ఎల్సా అతన్ని చూసి చెయ్యి ఊపింది.

ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని ట్రాన్సిస్టర్ తిప్పాడు. టప టప టప. సిగ్నల్ దొరికింది. పందికొక్కు తూములో నడుస్తోంది.

లోపలికి పరిగెత్తబోయి ఆగిపోయాడు. ‘బాంబు!’ అని అరిస్తే కుర్చీలు కూలతాయి, మనుషులు తొక్కుకుంటారు. ఆ చప్పుడుకు పందికొక్కు బిగుసుకుపోతుంది. అరిచినా చావే, అరవకపోయినా చావే. ఢిల్లీలో ఇచ్చిన ట్రైనింగ్‌లో ఇలాంటిదానికి పాఠం లేదు.

వరండా ఊడుస్తున్న ఆడమనిషి అతని మొహం చూసి చీపురు ఆపింది. బంగళాలో ఊడిచే బయమ్మ.

“ఏమప్పా, ఎండదెబ్బ కొట్టిందా?”

“అక్కా, లోపల వేదిక కింద శనక్కాయలు పడిండాయి. యెట్లన్నా తీసేయల్ల.”

“అవా? పొద్దున్నే ఏరుకుంటి కదా.”

“ఏరుకుంటివా! ఎందుకు?”

బయమ్మ అతన్ని పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. “ఎందుకేమప్పా? ఈ కరువులో కింద పడిన శనక్కాయను ఎవురన్నా ఇడిసిపెడతారా?”

హనుమంతరాయుడు గోడకు ఆనుకున్నాడు. ఎల్సా తూము కొలిచింది, మెదడు కొలిచింది, పోలీసుల డ్యూటీ కూడా కొలిచింది. ఆకలిని మాత్రం కొలవలేదు. చల్లిన కాయ చల్లినచోటే ఉంటుందనుకోవడానికి ఎంత కడుపు నిండిన దేశంలో పుట్టి ఉండాలి!

ఇద్దరూ చప్పుడు కాకుండా హాల్లోకి వెళ్లారు. వేదిక మీద కమిషన్ చైర్మన్, సభ్యులు. కింద రైతులు తలపాగాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే ఫలహారం వచ్చింది: టీ, దానితో పాటు ఇత్తడి పళ్లెంలో వేయించిన వేరుశనగ గింజలు.

హనుమంతరాయుడు బయమ్మ చెవిలో గొణిగాడు.

“ఒక్క గింజ కూడా నేల మీద పడకూడదక్కా. పడిందంటే అందరం సస్తాం.”

“పడనిస్తానా!” అని ఆమె వేదిక అంచున కూలబడింది.

వేదిక కింది నుంచి మూతి బయటపెట్టింది పందికొక్కు. వీపు మీద నల్లటి తోలు సంచీ. అది వేదిక ఎక్కి, బల్ల మీది గుడ్డ చాటున చైర్మన్ బూట్ల మధ్య నుంచి నడిచి, ఒక మూల వాసన చూసి, ఇంకో మూలకు పోయింది. టప టప టప. చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్‌లో లయ కాస్త తడబడి మళ్లీ సాగింది.

చైర్మన్ మాట్లాడుతూనే గుప్పెడు గింజలు తీసుకున్నాడు. “చూడండి, ఈ ప్రాంతం ఎత్తు గురించి నేను...” అని చెయ్యి విసిరాడు. ఒక గింజ వేళ్ల మధ్య నుంచి జారింది. పందికొక్కు తల తిప్పింది. లయ సన్నగిల్లింది.

హనుమంతరాయుడు కళ్లు మూసుకున్నాడు.

కళ్లు తెరిచేసరికి గింజ నేల మీద లేదు. పడీ పడకముందే బయమ్మ చెయ్యి దాన్ని పట్టేసి, అదే ఊపులో నోట్లో వేసేసుకుంది. చైర్మన్ చీదరించుకుంటూ చూశాడు. పందికొక్కు కాసేపు తచ్చాడింది. ఇక ఇక్కడేమీ లేదని తేల్చుకుని, వచ్చిన దారినే తూములోకి దూరిపోయింది.

*

వెనక వైపు ఎల్సా సిగరెట్ పారేసి వాచీ చూసుకుంటోంది. తూము నుంచి బయటకు వచ్చిన పందికొక్కును చూసి ఆమె మొహం పాలిపోయింది.

అది నేరుగా జీపు దగ్గరకు వచ్చింది. ఇంజన్ స్టార్ట్ చేస్తే ఆ మోతకు బిగుసుకుపోతుంది. పరిగెత్తితే బెదురుతుంది. ఆమెకు తెలిసినంత బాగా ఆ సంగతి ఎవరికీ తెలియదు. అందుకే మెల్లగా జీపు దిగి, అదే మెల్లదనంతో బీడు వైపు నడక మొదలుపెట్టింది. పందికొక్కు ఆమె వెనకే నడిచింది. నేర్పింది నేర్పినట్టే చేస్తోంది. అప్పటికి హనుమంతరాయుడు, బయమ్మ కూడా వెనక వైపుకు వచ్చారు.

హనుమంతరాయుడికి ఇయర్‌ఫోన్‌లో లయ వినబడుతూనే ఉంది. క్రమంగా నిదానిస్తోంది. ఎండకు జంతువు అలిసిపోతోంది.

“ఒక్క శనక్కాయ!” ఎల్సా వెనక్కి తిరగకుండానే, గొంతు పెంచకుండా అంది. “దూరంగా విసరండి. అది అటు వెళుతుంది. నా దగ్గర ఒక్కటి కూడా లేదు. దయచేసి!”

డాక్టర్‌ని చంపించిన మనిషే. అయినా అతను బయమ్మ వైపు చెయ్యి చాపాడు. “అక్కా, పొద్దున ఏరుకున్న కాయలు! బిరీన!”

బయమ్మ కొంగు ముడి విప్పింది. అందులో పొట్టు ఉంది.

“తినేస్తినప్పా,” అంది తల వంచుకుని. “ఆకలాయె.”

హాల్లో పళ్లెం గుర్తొచ్చి అతను వెనక్కి పరిగెత్తబోయాడు. రెండడుగులు వేశాడో లేదో, ఇయర్‌ఫోన్‌లో లయ గరగరమని చెదిరిపోయింది.

బీడు మీద దుమ్ము పైకి లేచింది. అది కిందికి దిగడానికి చాలాసేపు పట్టింది. చాలాసేపటి దాకా హనుమంతరాయుడు ఇయర్‌ఫోన్ తీయలేదు. ఆమె కోసం ఏడవాలో వద్దో అతనికి తెలియలేదు.

పేలుడు విని కమిషన్ బయటకు వచ్చింది. ఎవరో బండ పగలగొడుతున్నారని పోలీసులు నచ్చజెప్పారు. సభ్యులు లోపలికి వెళ్లి మిగిలిన టీ తాగారు. పొద్దు వాలకముందే తీర్పు చదివారు: ఈ ప్రాంతం ఎత్తు ఎక్కువ, ఖర్చు ఎక్కువ, కాలువ ఇవ్వడం కుదరదు.

రైతులు తలపాగాలు చుట్టుకుని లేచిపోయారు. ఎవరూ అరవలేదు. అంతా ముందే తెలిసినట్టు నడిచిపోయారు.

సాయంత్రానికి చేరుకున్న చీఫ్ రామదాసు ఆ కబురు విని వరండా మెట్టు మీద కూలబడ్డాడు. “సిండికేట్ నా కొడుకులు ఒక్క పూట ఓపిక పట్టింటే సరిపోయేది కదప్పా. ఆళ్ల పని మనోళ్లే చేసిపెట్టినారు.”

వరండా మళ్లీ ఊడుస్తున్న బయమ్మకు ఆ మాట వినబడింది. చీపురు పక్కన పెట్టి వచ్చి హనుమంతరాయుడి ఎదురుగా నిలబడింది.

“నీళ్లియ్యరంటనా?”

“ఇయ్యరంటక్కా.”

“మరి ఇంతోటిదానికి, అంత కష్టపడి ఆళ్లను ఎందుకు బతికిచ్చినావప్పా?”

హనుమంతరాయుడు ట్రాన్సిస్టర్ ఆపి, సంచీ భుజాన వేసుకున్నాడు.

“నాకిచ్చిన పని ఆళ్ల పానాలు కాపాడేదే అక్కా,” అన్నాడు. “నీళ్లు వేరే డిపార్ట్‌మెంటు.”