శనివారం రాకు

గున్నయ్య ఇంట్లో శనివారాన్ని ఆ పేరుతో పిలవడం మానేసి పది నెలలయింది. శుక్రవారం మర్నాడంటారు. లేకపోతే ఆదివారానికి ముందు రోజంటారు. అలాంటి ఒక శుక్రవారం మర్నాడు, వాకిట్లో అంట్లు తోముతున్న అతని కూతురు గౌతమికి మేనత్త రాజులమ్మ గొంతు వినిపించింది. పక్కిల్లే ఆమెది. పొద్దున్న ఆరు కొట్టేసరికి టీ కోసం వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది. వాళ్ళింట్లో టీపొడి అసలు కొంటారా అన్న సందేహం గౌతమికి చాలాకాలంగా ఉంది.

తెల్లవారకముందే వేట నుంచి వచ్చిన గున్నయ్య అరుగు మీద చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు. తల్లి మంగ గంపలో కవ్వళ్ళ చేపలు ఏరుతోంది. గౌతమి అత్త వెళ్ళేదాకా ఆగుదామనుకుంది గానీ, అత్త ఎప్పుడు వెళ్తుందో ఎవరూ చెప్పలేరు.

"అమ్మా, సాయంత్రం టెక్కలి ఎల్తాను. కాలేజీ గ్రౌండులో పాటల ప్రోగ్రాం ఉంది. జయశ్రీ కూడా వస్తంది."

మంగ చెయ్యి గంపలో ఆగింది. జవాబు మాత్రం రాజులమ్మ దగ్గర్నుంచి వచ్చింది.

"పాటలా? ఏడాది ఎల్లని ఇంట్లో పాటలేటే కోడలా? మీ అన్న పోయి పది నెల్లే కదే."

"డాన్సులు కాదత్తా. ఇంగ్లీషు పాటలు. పాతకాలంవి."

"తెలుగులో ఏడుపు సరిపోలేదేటి, ఇంగ్లీషులో ఏడవడానికి టెక్కలి ఎల్తన్నావు?"

"మొన్న మందస పెళ్ళిలో నువ్వు రెండోసారి కూడా కూర్చుని తిన్నావంట కదా. అప్పుడు ఏడాది ఎల్లిపోయిందా?"

"అది మా అత్తోరింటి పెళ్ళి. నా ఇంటిపేరు మారిపోనాది. ఆ పట్టింపు మీకే గానీ నాకు లేదు," అని రాజులమ్మ గ్లాసు చాపింది. మంగ లేచి ఆ గ్లాసులో మళ్ళీ టీ పోసింది.

గున్నయ్య తల ఎత్తకుండానే అన్నాడు. "ఎవులూ ఎక్కడికీ ఎల్లక్కర్లేదు. ఆ బాక్సుల కంపెనీవోలు పెట్టిన సప్పుడే కదా. పలాస బస్టాండులో అట్ట సూసేను."

గౌతమి అరచేతిలోంచి పీచు జారింది. ఇంగ్లీషు పాటలు అని మాత్రమే రాసున్న ఆ అట్ట మీద అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు తను తప్ప ఇంకెవరూ చూసి ఉండరనుకుంది. విశాఖపట్నంలో అన్నయ్య పనిచేసిన సౌండ్ కంపెనీ అది. పాటల కోసం కాదు, అన్నయ్య చేతుల మీదుగా వెళ్ళిన ఆ బాక్సుల్ని ఒక్కసారి చూడాలని, వాటి ముందు ఒక్కసారి నిలబడాలని ఆమె కోరిక. అది ఈ అరుగు మీద చెప్పుకునే మాట కాదు.

అన్నయ్య నిరంజన్ ఐటీఐ చదివి ఆ కంపెనీలో చేరినప్పుడు గున్నయ్య నెలరోజులు మాట్లాడలేదు. ఆ తరవాత మాట్లాడినా అదే మాట. సొంత బోటు ఉన్నవాడి కొడుకు ఊళ్ళమ్మట బాక్సులు మోస్తాడా అని. చివరికి ఒక గురువారం ఫోన్ చేసి, "శనివారం వత్తన్నాను. బట్టలు సద్దుకో, తీసుకొచ్చేత్తాను" అన్నాడు. మర్నాడు బోటు ఒడ్డుకు లాగుతుండగా కొడుకు ఫోన్ చేశాడు. గాలి, ఇంజను మోత, అందీ అందని సిగ్నలు. "నాన్నా, శనివారం రాకు" అన్న మూడు మాటలే వినపడి ఫోన్ తెగిపోయింది. గున్నయ్య తిరిగి చెయ్యలేదు. రావద్దన్నవాడి గుమ్మం ఎక్కనన్నాడు. ఆ శనివారం రాత్రి పని ముగించుకుని గదికి వెళ్తున్న నిరంజన్ బండిని హైవే మీద లారీ గుద్దింది.

కర్మనాడు పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరికీ గున్నయ్య ఆ మూడు మాటలూ చెప్పాడు. గౌతమి వింటూ నిలబడింది. ఆ రోజు నుంచి తండ్రి కంచంలో అన్నం పెడుతుంది గానీ అతని ముఖం చూడదు.

ఇప్పుడు చూసింది.

"అన్నయ్య నిన్నెందుకు రాకన్నాడో నాకు తెలుసు. నలుగుర్లో పరువు తీస్తావని. అయినా రాకంటే ఆగిపోడవేటి? తుపానని దండోరా వేస్తే ఆగేవా ఎప్పుడైనా? సముద్రం రాకంటే ఎల్తావు. కొడుకు రాకంటే మాత్రం ఆగిపోయేవు."

వల కుట్టే సూది గున్నయ్య వేళ్ళ మధ్య నిలిచిపోయింది. రాజులమ్మ టీ తాగడం మర్చిపోయింది. అతను వల పక్కన పెట్టి, తువ్వాలు దులుపుకుని, ఒడ్డు వైపు నడిచి వెళ్ళిపోయాడు. వెళ్ళిపోతున్న ఆ వీపు చూసి గౌతమికి అసహ్యం వేసింది.

మధ్యాహ్నం మంగ కూతురికి జడ వేస్తూ నెమ్మదిగా చెప్పింది. "ఎనిమిదింటి బస్సుకి వచ్చీ. మీ నాన్నకి నాను సెప్తాను." రబ్బరు బ్యాండు చుట్టాక మళ్ళీ అంది. "ఆ బాక్సులు ఎలగుంటాయో సూసొచ్చి నాకు సెప్పు. నానెప్పుడూ సూళ్ళేదు."

టెక్కలి కాలేజీ గ్రౌండులో ఆరింటికి మొదలవ్వాల్సిన పాటలు ఏడు దాటినా మొదలవ్వలేదు. ముందు సన్మానాలయ్యాయి. జీడిపప్పు వ్యాపారి ఒకాయన మైకు పట్టుకుని, సంగీతానికి భాష లేదని పావుగంట తెలుగులో చెప్పాడు. ఆయనకు శాలువా కప్పారు. శాలువా కప్పినాయనకు ఇంకొకాయన శాలువా కప్పాడు. కుర్చీల్లో కుర్రాళ్ళు ఈలలు వేశారు.

ఎట్టకేలకు బ్యాండు ఎక్కింది. నలుగురు, నలుగురికీ యాభై దాటాయి. ఒకాయన నెరిసిన జుట్టును పిలక కట్టాడు. ఇంకొకాయన జీన్సు మీంచి బొజ్జ బయటికి వచ్చింది.

"రిటైరయిన మాస్టార్లలా ఉన్నారే," అంది పక్కనున్న స్నేహితురాలు జయశ్రీ.

"మాస్టార్లయితే టైముకి వచ్చేవారు," అంది గౌతమి.

సన్మానాల ఫ్లెక్సీ విప్పేసి, వెనక బ్యాండువాళ్ళ నల్లగుడ్డ దించారు. దాని మీద పెద్ద తెల్ల అక్షరాలు. మొదటి మాట శనివారం. దాన్ని చూడగానే గౌతమి చూపు తిప్పేసుకుంది. పది నెలల అలవాటు. తరవాతి మాట దాకా వెళ్ళనే లేదు.

ఆమె చూపు స్టేజీకి రెండు వైపులా మనిషి ఎత్తున పేర్చిన బాక్సుల మీద ఆగింది. గిటారు మొదటి దెబ్బకు కాళ్ళ కింద నేల అదిరింది. గుండె మీద ఎవరో అరచెయ్యి పెట్టి నొక్కినట్టయింది. వెనక నుంచి ఎవరో "తెలుగు పాట ఎయ్యండ్రా" అని అరిచారు. పాడేవాళ్ళ మీద, అరిచేవాళ్ళ మీద, చెవులు మూసుకుని నవ్వుతున్న జయశ్రీ మీద కూడా గౌతమికి చిరాకేసింది. లేచి బాక్సుల దగ్గరకు నడిచింది.

ప్రతి బాక్సు అంచునా తెల్ల పెయింటుతో ఒక గుర్తు ఉంది. మూడు నిలువు గీతలు, కింద ఒక చుక్క. చిన్నప్పటి నుంచీ చూస్తున్న గుర్తు. ఇతరుల వలల్లో కలిసిపోకుండా తమ వలను తేల్చే బెండ్ల మీద తాత వేసిన గుర్తు, తండ్రి వేస్తున్న గుర్తు. ఆమె దాని మీద వేలు పెట్టింది.

సరిగ్గా అప్పుడు ఎవరో మణికట్టు పట్టుకున్నారు. గున్నయ్య. లుంగీ ఎగ్గట్టి, తల మీద తువ్వాలుతో, ఒంటి నిండా చేపల వాసనతో. ముందు వరస శాలువాలన్నీ అటు తిరిగి చూశాయి.

"పద. బండి బయటుంది."

"చెయ్యి వదులు. అందరూ చూస్తన్నారు. అన్నయ్య రాకన్నది ఇందుకే."

అతను చెయ్యి వదలలేదు. అతని చూపు స్టేజీ మీద నల్లగుడ్డకు అతుక్కుపోయింది. మూడో తరగతి దాకా చదివినవాడు. పెదాలు కదుపుతూ ఒక్కో అక్షరమే కూడబలుక్కున్నాడు.

"శ... ని... వా... రం..." ఆగాడు. "రా... కు."

అతను కూతురి వైపు తిరిగాడు. "ఇక్కడ కూడా అదే మాట రాసేరేటి? అందరికీ తెలిసిపోనాదేటి?"

గౌతమి గుడ్డ వైపు చూసింది. చదువురాని మనిషితో ఇన్నాళ్ళూ మాట్లాడిన గొంతుతోనే విసుక్కుంది.

"రాకు కాదు. అది కొమ్ము కాదు, పొల్లు, చూసి చదువు. రాక్. ఈ పాటల్ని అలాగే అంటారు. శనివారం రా..."

ఆ మాట ఆమె నోట్లోనే ఆగిపోయింది.

గిటారు మోగుతూనే ఉంది. ఆ మోతలో, గాలిలో, బోటు ఇంజను పక్కన, అన్నయ్య గొంతు చెప్పిన మూడు మాటలూ ఆమెకు మొదటిసారి సరిగ్గా వినపడ్డాయి. తండ్రి చెయ్యి ఇప్పుడు ఆమే పట్టుకుంది. కుర్చీల వెనక, సౌండ్ మిషను బల్ల దగ్గర కూర్చున్నాయన వద్దకు లాక్కెళ్ళింది. అట్ట మీద కంపెనీ పేరు పక్కన చూసిన ఓనరు పేరు గుర్తుంది. గోపాలరావు.

"సార్, ఆ గుడ్డ మీద పేరు ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళ నుంచమ్మా. విశాఖపట్నం బీచిలో ప్రతి శనివారం చేస్తాం. శనివారం రాక్."

"మా అన్నయ్య నిరంజన్."

గోపాలరావు చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి మెళ్ళో వేసుకున్నాడు. ఆమెను చూశాడు, పక్కనున్న మనిషిని చూశాడు, లేచి నిలబడ్డాడు.

"మీరు వాళ్ళ నాన్నగారా? ఆ రోజు మీరొస్తారని ఎంత చూశాడో. మీకు ఎక్కువ సౌండు పడదని, బాక్సులకి దూరంగా ఇలాగే నా పక్కన కుర్చీ వేసి, తన తువ్వాలు కట్టి ఉంచాడండి. తొమ్మిదింటి దాకా ఎవర్నీ కూర్చోనివ్వలేదు. రమ్మని ఫోన్ చేశాను, సిగ్నలు బాలేదు సార్, అయినా నాన్న వస్తానన్నాడు, నేను మోసేదేంటో చూస్తాడు అన్నాడు."

గున్నయ్య ఒకసారి ఇద్దరి ముఖాలూ చూసి, నేరుగా స్టేజీ పక్కకు నడిచాడు. బాక్సు మీది గీతల్ని వేళ్ళతో తడిమాడు, ఒకటి, రెండు, మూడు, కింద చుక్క. వెంట వెళ్ళిన గౌతమి పక్కన నిలబడింది.

"మన గురుతు," అన్నాడు.

"అవును నాన్నా."

"రావద్దన్లేదు."

"లేదు. రమ్మన్నాడు."

అతను తల మీది తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. బాక్సుల మోతలో ఆ ఏడుపు ఎవరికీ వినపడలేదు. ఎవరికీ వినపడని చోటు అతనికి పది నెలలుగా దొరకలేదని గౌతమికి అర్థమైంది. ఇంకొకటి కూడా అర్థమైంది. రాక్ అనే మాట తండ్రికి తెలియదు. తనకు తెలుసు. అన్నయ్య ఏం చెప్పాడు నాన్నా, ఎక్కడ తెగిపోయింది, మళ్ళీ ఒకసారి చెప్పు అని పక్కన కూర్చుని అడిగి ఉంటే, ఈపాటికి ఏనాడో తెలిసిపోయేది. తను అడగలేదు. అసహ్యించుకోవడం తేలికగా ఉండింది.

"పొద్దున్న నేనన్న మాట..."

"నిజివే అన్నావు. ఆ పూటే మళ్ళీ ఫోన్ సేసుండాల్సింది."

గోపాలరావు తన పక్కన కుర్చీ జరిపి పిలిచాడు. గున్నయ్య చాలాసేపు ఆ ఖాళీ కుర్చీని చూసి, అంచు మీద కూర్చున్నాడు. గౌతమి అతని కాళ్ళ దగ్గర గడ్డిలో చతికిలబడింది. పిలక ఆయన కళ్ళు మూసుకుని ఏదో నెమ్మది పాట ఎత్తుకున్నాడు.

"ఈ పాట ఏటంటాడు?"

"సరిగ్గా తెలీదు నాన్నా."

"బాగోలేదు."

"అవును."

"ఇంకోటి ఏత్తారేటి?"

"ఏస్తారు."

జయశ్రీని ఎక్కించుకుని ఎనిమిదింటి బస్సు వెళ్ళిపోయింది. గున్నయ్య చొక్కా జేబులోంచి ఫోన్ తీసి మంగకు చేశాడు.

"గుంట నా దగ్గరే ఉంది. బెంగెట్టుకోకు. ఇను మంగా, ఆ శనివారం..."

ఆ మాట అతని నోట వినగానే అవతల మంగ గొంతు పెద్దదైంది. ఏటీ, ఏటన్నావు అంటోంది.

"శనివారం ఆడు నన్ను..."

ఫోన్ తెగిపోయింది. అతను చేతిలో ఆరిపోయిన తెర వైపు చూశాడు. గౌతమి అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

గున్నయ్య మళ్ళీ నెంబరు నొక్కాడు.