నలభై ఏళ్ల విస్కీకి మూడు చుక్కల నీళ్లు

టేస్టర్ శవం ఉదయం పదింటికి బయటపడింది. వేలం సంస్థ మూడో అంతస్తులో, విస్కీ రుచి చూసే గదిలో, బల్ల మీద తల వాల్చి నిద్రపోతున్నట్టే ఉన్నాడు. ఎదురుగా నీలం గాజు గ్లాసు. పక్కన నోట్లోది ఉమ్మేసే రాగి గిన్నె. మింగకుండా ఉమ్మేశాడు కూడా. అయినా పోయాడు.

గంట తర్వాత ఏజెంట్ సెవెంటీన్, గూఢచారి శాఖ చీఫ్ గదిలో నిలబడి ఉన్నాడు.

"కూర్చో. పోయింది మీ బావ."

సెవెంటీన్ కూర్చోలేదు.

"ఏడవాలంటే రేపు మధ్యాహ్నం తర్వాత ఏడు. రేపు పదకొండుకి అదే గదిలో నలభై ఏళ్ల సింగిల్ మాల్ట్‌కి మార్కులు వేస్తారు. గెస్ట్ మన ప్రొఫెసర్. సబ్‌మెరీన్ల కోడ్ మొత్తం ఆయన బుర్రలోనే ఉంది, కాగితం మీద ఎక్కడా లేదు. అవతలి దేశం గూఢచారుల రింగ్ ఆయన్ని అక్కడే లేపేయాలని చూస్తోంది. మీ బావ ఆ సంగతి పసిగట్టాడు."

"ప్రొఫెసర్‌ని రావద్దనొచ్చుగా సర్?"

"అప్పుడు ఇంకోచోట చంపుతారు. ఎవరు చంపారో మనకి తెలియదు. ఎర ఉండాలోయ్. ఆయనకి చెప్పలేదు, చెబితే చెయ్యి వణుకుతుంది."

టేస్టర్ బదులు టేస్టర్‌గా సెవెంటీన్ వెళ్లాలి. ఆదివారాలు బావ దగ్గర విస్కీ వాసన చూడటం నేర్చుకున్న సంగతి ఫైల్లో ఉంది.

"తాగడం మాత్రం రాదు సర్. అక్క ఒప్పుకోలేదు."

"మంచిదే, ముక్కు పాడవలేదు. అక్కడ హోస్టెస్ మన మనిషే. కోడ్ నేమ్ నెమలి. రెండు వైపులా పనిచేస్తుంది. ఈ వారం మన వైపే అనుకుంటున్నాం."

నెరిసిన గడ్డం అంటించారు. చొక్కా చేతికి కఫ్‌లింక్ పెట్టారు. విషం తగిలితే దాని తెల్లరాయి ఎర్రబడుతుంది. చెవిలో ఇయర్‌పీస్.

మర్నాడు పదకొండు. భోజనానికి ముందు నాలుక శుభ్రంగా ఉంటుందని టేస్టర్లు ఆ వేళే కూర్చుంటారు. గదిలో పువ్వులు లేవు, సెంటు వాసన లేదు. రంగు చూసి మోసపోకుండా మూడు నీలం గ్లాసుల్లో పోసి ఉంచిన విస్కీ. కూజాలో నీళ్లు, పక్కన డ్రాపర్.

నల్ల పట్టు గౌనులో నెమలి ఎదురొచ్చింది. తల తిప్పితే గది మొత్తం తిరిగి చూసేంత అందం.

"ఈ పీపా మీద ఎన్ని వానలు పడ్డాయంటారు?" అడిగాడు సెవెంటీన్.

"లెక్కపెట్టినవాళ్లు మిగల్లేదండీ." కోడ్ కలిసింది. గొంతు తగ్గించింది. "ఎదురు మేడ మీద రైఫిల్ ఉంది. నువ్వు కిటికీ చూసుకో. గ్లాసుల సంగతి నేను చూస్తా."

సెవెంటీన్ వంగి గ్లాసులు సర్దుతున్నట్టుగా కఫ్‌లింక్‌ను మూడింట్లోనూ ముంచాడు. రాయి తెల్లగానే ఉంది. కిటికీ వైపు కూర్చున్నాడు.

ప్రొఫెసర్ వచ్చాడు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఎండిన నారింజ తొక్క. పాత బీరువా తలుపు తీసినట్టు. వెనకాల కాలిన తాడు. ఏం బాబూ, అంతేనా?"

"కొంచెం ఉప్పు కూడా సర్."

"శభాష్! నువ్వు నిజం టేస్టర్‌వే."

నెమలి నవ్వుతూ డ్రాపర్ అందుకుంది. ప్రొఫెసర్ గ్లాసులో మూడు చుక్కల నీళ్లు. సెవెంటీన్ గ్లాసులో మూడు. డ్రాపర్ కింద పెట్టేసి, తన గ్లాసెత్తి ఒక్క గుక్క నోట్లో తిప్పి, ఉమ్మేసి, మార్కుల కాగితం మీద 91 వేసింది.

కిటికీ వైపున్న సెవెంటీన్ తల చటుక్కున ఇటు తిరిగింది.

పీపాలోంచి నేరుగా సీసాలోకి దింపిన విస్కీ అది. యాభై ఏడు శాతం ఆల్కహాల్. "నీళ్లు కలపకుండా దీనికి మార్కులు వేసినవాడు టేస్టర్ కాదురా బావమరిదీ, తాగుబోతు," అనేవాడు బావ. పదేళ్లుగా ఈ గది నడుపుతున్న మనిషికి ఆ మాత్రం తెలియదా? తెలుసు. విషం ఉన్నది కూజా నీళ్లలో. రైఫిల్ మాట తన కళ్లు అటు తిప్పడానికే.

ప్రొఫెసర్ గ్లాసు పెదవులకు తగిలేలోపు సెవెంటీన్ అరచెయ్యి దాని మీద మూతలా పడింది.

"క్షమించాలి సర్. హోస్టెస్ గారు నీళ్లు వేసుకోలేదు. అందరం ఒకేలా చూడకపోతే మార్కులు చెల్లవు."

"నిజమే కదమ్మా! రూలు రూలే. వేసుకో."

సెవెంటీన్ ప్రొఫెసర్ గ్లాసు తన వైపు లాక్కుని, తనే డ్రాపర్ తీసుకున్నాడు. ఒకటి. రెండు. మూడు. రెండో చేతిలోని పిస్టల్ బల్ల కింద ఆమె మోకాలికి ఆనింది.

"ప్రాణంతో కావాలి," ఇయర్‌పీస్‌లో చీఫ్. "ఆమె దగ్గర పేర్లున్నాయి."

నెమలి పెదాలు కదపకుండా అంది, "మీ ఆఫీసులోనే మావాళ్లు పదిమంది ఉన్నారు. అందరి పేర్లూ చెప్తా."

"మా బావకి ఎన్ని చుక్కలు వేశావు?"

ఆమె అతని గడ్డంలోకి, కళ్లలోకి చూసింది. "మూడే."

సెవెంటీన్ ఇయర్‌పీస్ తీసి రాగి గిన్నెలో పడేశాడు. "పొట్టలో గుండు దిగితే గంట పడుతుంది. ఇదైతే నిమిషం. నీ ఇష్టం."

"ఏమిటమ్మా గుసగుసలు? కానీ!" అన్నాడు ప్రొఫెసర్.

ఆమె గ్లాసు తిప్పింది. వాసన చూసింది. నోరు నిండా తీసుకుంది. ఒక్క క్షణం ఆ మొహంలో భయం పోయి, పనిలో మునిగిన మనిషి మొహం కనిపించింది. పెన్ను అందుకుని 91 కొట్టేసి, 94 వేసింది. నాలుగు చివరి గీత కాగితం దాటి బల్ల మీదికి జారిపోయింది.

ప్రొఫెసర్‌ని కిందికి దింపాక చీఫ్ ఫోన్లో పావుగంట తిట్టాడు. పది పేర్లు పోయాయి. ఆ పదిమందీ రేపు ఆఫీసుకొచ్చి సెవెంటీన్‌కి గుడ్ మార్నింగ్ చెప్తారు. సెవెంటీన్ అన్నీ విని, పెట్టేసి, అక్కకి చేశాడు.

"అయిపోయిందక్కా."

"ఎంతసేపు పట్టిందిరా దానికి?"

"మార్కులు దిద్దుకునేంత సేపు."

అక్క ముక్కు చీదుకుంది. "అంత టైమ్ ఎందుకిచ్చావురా?"