ఆరింటి క్లాసు

రాత్రంతా బేకరీలో పనిచేసి ఆయన తెల్లవారాక ఇల్లు చేరేసరికి, చిన్నపిల్లల బడిలో ఆయాగా చేసే ఆవిడ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఉంటుంది. కనుబొమ్మల మీద మైదాపిండితో ఆయన లోపలికి, భుజాన సంచితో ఆవిడ బయటికి. టీ ఫ్లాస్కులో ఉందని ఆవిడ చెబుతుంది, ఆయన తలూపుతాడు. పెళ్లయిన కొత్తలో సంగతేమో గానీ, చాలా ఏళ్లుగా వాళ్ల పొద్దుటి కాపురం ఇంతే.

అసలు కాపురం సాయంత్రం ఆరింటికి మొదలై ఏడింటికి ముగుస్తుంది. ఆవిడ బడి నుంచి వచ్చాక, ఆయన పనికి బయల్దేరే లోపు, వంటింటి బల్ల దగ్గర ఇద్దరూ కూర్చుని టీ తాగే గంట అది. ఆ వేళకి ఫోన్ మోగినా ఎత్తరు. చుట్టాలొస్తే తలుపు తీస్తారు గానీ, మొహంలో పెద్ద సంబరం కనిపించదు.

అలాంటి ఇంట్లో చదువొచ్చి చిచ్చు పెట్టింది. పెళ్లితో ఆగిపోయిన చదువు నలభై దాటాక ఆవిడ మనసులో మళ్లీ మెదిలింది. ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో డిగ్రీ చేయొచ్చని కూతురు చిట్టి ఆవిడ చెవిన వేసింది. ఆ పిల్ల కాలేజీలో చదువుతోంది, తనకి తోడు తల్లి కూడా పరీక్షలకి వణకాలని దాని సరదా. తల్లీకూతుళ్లు తలలు దగ్గర పెట్టుకుని వెతికి వెతికి చివరికి రెంటి దగ్గర ఆగారు. ఒకటి, మాటలు ఆలస్యమైన పిల్లలకి మాట నేర్పే చదువు. ఆవిడ ప్రాణమంతా దాని మీదే ఉంది, కాకపోతే రోజూ సాయంత్రం ఆరింటికి క్లాసుకి హాజరవ్వాలి. రెండోది ఆఫీసు నిర్వహణ. పాఠాలు రికార్డు చేసి పెడతారు, తీరికున్నప్పుడు వినొచ్చు.

ఆరింటికి అన్న మాట వినగానే ఆయన మూతి ముడుచుకుంది. ఈ వయసులో చదివి ఎవర్ని ఉద్ధరించాలట అని గోడకేసి చూస్తూ అన్నాడు. నువ్వు ఎదురుగా లేకపోతే నాకు తోచదు అనొచ్చుగా? అంటే నోటి ముత్యాలు రాలిపోవూ! ఆవిడ ఖాళీ గ్లాసులు తీసుకుని లేచింది.

ఆ రోజు నుంచి ఇంట్లో మాటలన్నీ చిట్టి మీదుగా నడిచాయి. మీ నాన్నని అన్నానికి లేవమను. మీ అమ్మతో ఆకలి లేదని చెప్పు. ఒకే బల్లకి అటొకరు ఇటొకరు, మధ్యన ఆ పిల్లకి పోస్టుమాన్ ఉద్యోగం. ఆ ఇంట్లో ఎవరలిగినా ఇదే పద్ధతి. మామూలుగా రెండు రోజులకి ఎవరో ఒకరు ఫక్కున నవ్వేసేవారు. ఈసారి వారం దాటినా నవ్వు రాలేదు. టీ మాత్రం ఎదురెదురుగానే కూర్చుని తాగారు.

ఒక సాయంత్రం ఆయన ఉండబట్టలేక, మీ అమ్మ చివరికి ఏ చదువులో చేరుతోందో కనుక్కో అని కూతుర్ని అడిగాడు. ఆఫీసుదే, రేపు చేరిపోతోందని చిట్టి చెప్పింది. గెలిచినట్టే కదా. ఆ సంతోషం టీ ఒక గుక్క మింగేవరకు కూడా నిలవలేదు.

"అదేంటి? పిల్లలకి మాట నేర్పే చదువన్నారుగా?"

"ఈ పోస్టు ఉద్యోగం ఇవాళ్టితో మానేస్తున్నా నాన్నా. అమ్మ నీ ఎదురుగానే ఉంది, నువ్వే అడుగు," అని చిట్టి లేచి పక్క గదిలోకి పోయింది.

ఆయన గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. "ఆఫీసు పనంటే నీకిష్టమా?"

"లేదు."

"మరి?"

"అది ఎప్పుడైనా వినొచ్చు." ఆవిడ బల్ల మీద లేని మరకని వేలితో తుడిచింది. "పొద్దున మీ మొహం సరిగ్గా చూడను కూడా చూడను. మనకున్నది ఈ ఒక్క గంట. ఇది కూడా పట్టుకెళ్లి చదువుకిచ్చేస్తే, ఇక కాపురం ఎప్పుడు చేస్తామండీ?"

ఆయన ఏ గంట కోసం అలిగాడో, ఆవిడ ఆ గంట కోసమే కోరిక చంపుకుంది. తల ఎత్తకుండానే, నేనూ దానికే కదే అలిగింది అన్నాడు.

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"మీ నోటితో చెబుతారేమోనని చూశాను."

ఆవిడ కళ్లు తడిశాయి. ఆయనవి అంతకు ముందే తడిశాయి గానీ, టీ ఆవిరి మీదికి నెట్టేశాడు. పిల్లల చదువులోనే చేరమన్నాడు. ఆ గంటసేపూ ఇదే కుర్చీలో నోరు మెదపకుండా కూర్చుంటానన్నాడు. మీరా, నోరు మెదపకుండానా అని ఆవిడ నవ్వింది. పక్క గదిలోంచి చిట్టి నవ్వు కూడా వినపడింది.

మొదటి క్లాసు నాడు చిట్టి ఫోన్‌ని ఉప్పు డబ్బాకి ఆనించి నిలబెట్టింది. కెమెరాకి అందని చోట ఆయన టీ గ్లాసుతో ఒదిగి కూర్చున్నాడు. ఈ చదువుకి ఎందుకొచ్చారో ఒక్కొక్కరూ చెప్పమంది పాఠం చెప్పే మేడమ్. ఆవిడ వంతు వచ్చింది. ముందు కాస్త తడబడింది.

"మా బడిలో ఒక పాప ఉందండీ. ఇంకా మాటలు రాలేదు. అందరూ మొద్దు అంటారు. చేతులు కడిగించి కొళాయి కట్టేస్తే, నా వేలు పట్టుకుని మళ్లీ కొళాయి మీద పెడుతుంది. అది అడగడమే కదండీ? తను మాట్లాడుతూనే ఉంది, మాకే వినడం రావట్లేదు. అది నేర్చుకుందామని వచ్చాను."

ఆయన గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. ఎవరా పాప? ఎప్పుడూ వినలేదే. ఇన్నేళ్లుగా ఈ బల్ల దగ్గర విన్నదల్లా బేకరీ వేడి, యజమాని పిసినారితనం, తన నడుం నొప్పి. చెప్పిందంతా తనే. ఆ గంట పోతోందని వారం పాటు అలిగిన పెద్దమనిషి, అందులో ఆవిడ మాట ఎంతుందో ఏనాడూ చూసుకోలేదు. ముసలి పిల్లాడిలా చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. ఏడు దాటింది. లేవలేదు.

బేకరీకి చేరేసరికి మొదటి వాయి ఓవెన్‌లోకి వెళ్లిపోయింది. ఎన్నడూ లేనిది ఇవాళ ఇంత ఆలస్యమేంటయ్యా అని రొట్టెలు కాల్చే మాస్టర్ అడిగాడు.

"మా ఆవిడ మాట్లాడుతోందండీ," అన్నాడాయన ఏప్రన్ కట్టుకుంటూ. "వింటూ ఉండిపోయాను."