రిన్‌జింగ్ కొలత

చనిపోయి మూడు వారాలైన రిన్‌జింగ్ లెప్చా ఆ పొద్దున పది గంటలకు ఆఫీసు కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యాడు.

స్క్రీన్ మీద ఆ పేరు చూసి అక్కడ ఉద్యోగి వేషంలో ఉన్న ఏజెంట్ ఆదర్శ్‌కు గుండె గుభేలుమంది. ఈ అరబ్బు దేశంలో, షర్క్ పేటలోని ఈ ఫాంట్ల కంపెనీ ఎనిమిదో అంతస్తు కిటికీలోంచి రిన్‌జింగ్ పడిపోయినప్పుడు, అతన్ని గుడ్డలో చుట్టి తీసుకుపోవడం తను కళ్లారా చూశాడు. కాళింపాంగ్ నుంచి వచ్చిన ఆ మనిషి కుర్చీ ఇంకా తన వెనకే ఉంది. ఎవరూ అందులో కూర్చోరు. అయినా రోజూ ఎవరో అక్కడినుంచి తన స్క్రీన్‌ను చూస్తున్నట్టే ఉంటుంది.

ఫోన్ మోగింది.

"ఖర్జూరాలు వచ్చాయా?"

"గింజ తీసినవే వచ్చాయి."

కోడ్ సరిపోయింది. బాస్ ఆంజనేయప్రసాద్ నేరుగా విషయంలోకి దిగాడు.

"లాగిన్ అయింది దెయ్యం కాదు, నీ ఎదురు టేబుల్ చాందిని. ఆవిడ మన మనిషే. వాళ్ల మనిషి కూడా."

వాళ్లంటే మన నౌకల కదలికలను పరాయి దేశానికి చేరవేసే ముఠా. ఆ ముఠా నాయకుడి ఇంట్లో పాచిపని చేసే మద్దమ్మే రెండేళ్లుగా డిపార్ట్‌మెంట్‌కు కళ్లూ చెవులూ. రాయచోటి దగ్గరి మనిషి. ఇంట్లో గూఢచారి ఎవరో ఉన్నారని ముఠాకు అనుమానం వచ్చింది. ఆ పేరు చాందిని కనిపెట్టింది. కానీ ఆమె ఫోనూ మెయిలూ నిఘాలో ఉన్నాయి. అందుకని పేరును రిన్‌జింగ్ లాగిన్‌తో, అతను చేసిన లెప్చా ఫాంట్‌లో దాచింది. ముందురోజు అల్ రాయ్ గోడౌన్‌లో దొరికిన ముఠా మనిషి ఇదంతా కక్కేశాడు.

లెప్చా లిపిలో మాట చివరి హల్లు చిన్న గుర్తుగా, అంటే మార్కుగా, అక్షరం నెత్తిన కూర్చుంటుంది. అది ఎంత ఎడమకు, ఎంత కుడికి ఉండాలో ఒక్కో అక్షరానికీ ఒక్కో అంకె ఇవ్వాలి. రిన్‌జింగ్ ఇచ్చిన అసలు అంకెలు ముఠా దగ్గర ఉన్నాయి. ఫాంట్‌లో చాందిని వాటిని అటూ ఇటూ జరిపింది. ఎంత జరిగాయో చూసుకుంటే మద్దమ్మ పేరు వస్తుంది. ఫాంట్ ఒంటిగంటకు దానంతటదే నెట్‌లోకి వెళ్తుంది.

"ఆపేద్దాం సార్."

"ఆగిందంటే మనకు తెలిసిపోయిందని వాళ్లకు అర్థం. ఇంట్లో పనివాళ్లందర్నీ తుడిచేస్తారు. అసలు కొలతలతోనే వెళ్తే, ఇంట్లో ఎవరూ లేరని లెక్క."

"మద్దమ్మను బయటికి తెచ్చేస్తే?"

"గేటుకు బయట తాళం. పాస్‌పోర్టు పనిలో పెట్టుకున్న యజమాని, ఆ కఫీల్ దగ్గర. అసలు కొలతలు కంప్యూటర్లలో ఎక్కడా లేవు, చాందిని చెరిపేసింది. రిన్‌జింగ్ నోట్‌బుక్ ఒకటే దిక్కు."

పదకొండున్నరకు ఏసీ మెకానిక్ వేషంలో ఆదర్శ్ మంగఫ్‌లో రిన్‌జింగ్ ఉండిన బిల్డింగులో ఉన్నాడు. ఒక గదిలో ఎనిమిది మంచాలు. ఏడింటి మీద బట్టలు ఆరేసి ఉన్నాయి, ఎనిమిదో దానిమీద దుప్పటి మడత కూడా నలగలేదు. ఆ మంచాన్ని ఎవరూ తీసుకోలేదు. దిండు కింద నోట్‌బుక్ ఉంది.

పన్నెండున్నరకు అతను మళ్లీ ఆఫీసు కుర్చీలో కూర్చోగానే కాఫీ కప్పుతో, ఖరీదైన అత్తరు వాసనతో చాందిని వచ్చి వెనక నిలబడింది. ఎవరైనా తిరిగి చూసే అందం ఆమెది.

"ఇంకా ఆ లెప్చానేనా? మార్కు కాస్త జరిగితే ఎవడు చూస్తాడు ఆదర్శ్?"

అవి ఆదర్శ్ మాటలే. నా మార్కులు జరిగాయని రిన్‌జింగ్ మొదట తన దగ్గరికే వచ్చాడు. తను నవ్వి, సరిగ్గా ఆ మాటే అన్నాడు. పాపం, అతను వెళ్లి చాందినిని అడిగాడు. ఆ సాయంత్రమే కిటికీ. తను ఒక్క నిమిషం వినుంటే ఆ మనిషి బతికుండేవాడు.

ఆదర్శ్ పెన్ను మూత తిప్పాడు. బిల్డింగంతా ఫైర్ అలారం మోగింది. జనంతో పాటు చాందిని కూడా మెట్లు దిగింది. మూడో అంతస్తులో బాస్ మనుషులు ఆమె కోసమే కాచుకుని ఉన్నారు.

అప్పటికి పన్నెండూ నలభై. నోట్‌బుక్ చూసి ఒక్కో అంకే కొడుతూ పోయాడు. ముప్పై అయిదు అక్షరాలు పూర్తయ్యేసరికి పన్నెండూ యాభై ఏడు. పేజీ తిప్పాడు.

ఇంకొక్క అక్షరమే మిగిలింది, అదున్న ఆఖరి పేజీ లేదు.

రిన్‌జింగ్ అలవాటే అంత. తేలని అక్షరం పేజీని చింపి చొక్కా జేబులో పెట్టుకునేవాడు, బస్సులో చూసుకోవడానికి. ఆ చొక్కా పోలీసుల దగ్గరుంది.

ఇక కన్నే కొలత. ఆదర్శ్ మార్కును 312 మీద పెట్టాడు. బాగానే ఉందనిపించింది.

వెనక ఖాళీ కుర్చీ కిర్రుమంది.

"థోడా బాయే, ఆదర్శ్ భాయ్."

ఇంకొంచెం ఎడమకు. నెమ్మదైన గొంతు, బతికున్నప్పుడు ఎలా ఉండేదో అలాగే. ఆదర్శ్ తిరిగి చూడలేదు, చూసే ధైర్యం లేకపోయింది. 306కు జరిపాడు. కుర్చీ మళ్లీ కిర్రుమంది. 301. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. సేవ్ కొట్టేసరికి ఒంటిగంటకు నాలుగు సెకన్లుంది.

రోజూ ఒంటిగంటన్నరకు మిద్దెమీద బట్టలు ఆరేస్తూ మద్దమ్మ ఫోన్ చేస్తుంది. ఆ రోజు రెండుంబావు దాటింది. ఆదర్శ్ ఫోన్‌ను చేతిలోంచి దించలేదు. చివరికి మోగింది.

"సార్, పని ఎక్కువై ఆలీసమైంది. ఎవురో నలుగురు మొగోళ్లు వచ్చి నన్నే చూస్చా కూచున్నారు. ఒంటిగంటకు ఫోను చూసుకున్నారు. ఏమనుకున్నారో ఏమో, చాయ్ తాగి పోయినారు. మామా, అదే ఇంటామె, గిన్నెలు కడగమనింది."

ఆదర్శ్‌కు ఏడుపొచ్చింది. జాగ్రత్తమ్మా అని మాత్రం అనగలిగాడు.

వారం తర్వాత పోలీసులు రిన్‌జింగ్ వస్తువులు ఆఫీసుకు అప్పగించారు. చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం ఉంది. పెన్సిల్‌తో రాసిన అంకె 301. దాని కింద, తనకు తానే గుర్తుగా రాసుకున్న ఒక వాక్యం: 'ఇది ఆదర్శ్ భాయ్‌కు అప్పగించొద్దు, ప్రతిసారీ కుడికి జరుపుతాడు.'