పచ్చదీపం వెలిగిన నీళ్ళు

తెల్లవారగానే చేయవలసినవి: కుళాయికున్న జలనేత్రం అద్దం తుడవాలి. పచ్చదీపం వెలిగేదాకా ఆగాలి. బిందెలు నింపుకోవాలి. పసిదాని పాలపొడికి నీళ్ళు సగమయ్యేదాకా మరిగించాలి.

చివరిది మంగతాయమ్మ సొంత నియమం. మిగతావి పల్నాడులో ఇంటింటివీ. మిరపచేలకు చల్లిన యూరియా ఏళ్ళ తరబడి భూమిలోకి దిగి, నైట్రేటుగా మారి తాగునీటిలో కలిసింది. అందుకే ప్రతి కుళాయికీ జలనేత్రం బిగించారు. నైట్రేటు హద్దు దాటితే ఎర్రదీపం వెలిగి కుళాయి మూసుకుంటుంది. అది వచ్చాక జనం నీళ్ళ గురించి దిగులు పడడం మానేశారు.

"పచ్చదీపం వెలిగాక కూడా కాచేది నువ్వొక్కదానివేనంట. ఊరంతా నవ్వుతోందమ్మా," అంది కూతురు హైమ.

"నవ్వనీ. వాళ్ళ పళ్ళేగా."

హైమ ఒళ్ళో ఉన్న పాపకు రెండో నెల. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. పాలు తాగిన వెంటనే కక్కేసింది.

"నిన్నటికంటే నల్లబడ్డాయే. ఈసారి ఇంకాసేపు కాయి," అంది హైమ, నవ్వు మానేసి.

గోడకున్న వైద్యవాణి యంత్రాన్ని అడిగారు. జలనేత్రం పచ్చగా ఉందా అని అడిగిందది. ఉందన్నారు. నీటి దోషం కాదని తేల్చి, గుండెను అనుమానించి, డ్రైవరు లేని వైద్యరథాన్ని పంపింది. దారిలోకని మంగతాయమ్మ మరింత మరిగించి సీసాలో పాలు కలిపింది. పాప తాగింది. పట్నం చేరేసరికి ప్రాణం లేదు.

మర్నాడు జలనేత్రాలు చూసే నాసరయ్య వచ్చాడు. అతను మంగతాయమ్మ అక్క కొడుకు. కుళాయి నీటిలో నైట్రేటు హద్దుకు కొంచెం కిందే ఉంది. గిన్నెలో మిగిలిన కాచిన నీటిలో హద్దుకు రెండింతలుంది.

"ఎంతసేపు కాచావు పిన్నీ?"

"సగమయ్యేదాకా. జబ్బు చేశాక ఇంకా ఎక్కువ. మా అత్త చెప్పిందట్టాగే."

నాసరయ్య నేలమీద కూర్చున్నాడు. "కాస్తే పురుగులు చస్తాయి పిన్నీ. నైట్రేటు పోదు. నీళ్ళు ఆవిరైపోతే అది గిన్నెలోనే ఉండి చిక్కబడతది. పసిబిడ్డల రక్తానికి ప్రాణవాయువు అందనీదు. ఆ నీలం అందుకే."

"మీ జలనేత్రానికి పొయ్యి కనపడదా నాయనా?"



"ఇంకా కాయమని నేను కూడా అన్నా," అంది హైమ లోపలినుంచి. "అమ్మనొక్కదాన్నీ అనబాకు."

జలనేత్రంలో లోపం లేదని నివేదిక వచ్చింది. అది నిజమే. ముసలిదాని చాదస్తం బిడ్డను చంపిందని ఊరు ఇప్పటికీ అంటోంది. చదివినవారు మంగతాయమ్మను గుర్తుంచుకోండి. తనకు తెలిసిన జాగ్రత్తల్లో ఆమె ఏదీ తగ్గించలేదు.