ఎండుగొంతు మలుపులో డబ్బా ఊపే మనిషి

లోయ నుంచి కొండ మీది ఎల్ ఆల్టో ఊరికి ఎక్కే దారిలో, కనుమ ఇంకో అరగంట ఉందనగా ఒక మలుపు వస్తుంది. ఎండుగొంతు మలుపంటారు దాన్ని. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ బండి ఆపరు.

మంచులో ఒక మనిషి నిలబడి ఉంటాడట. చేతిలో ఖాళీ డబ్బా. దాన్ని ఊపుతాడు... అరవడు, పిలవడు. ఊపుతాడంతే. ఆపినవాళ్ల బండి మళ్లీ కదలదట. ఆపనివాళ్లను కనుమ దాటేదాకా మాడిన నూనె వాసన వెంటాడుతుందట.

అందుకే డ్రైవర్లు ముందే అద్దాలు ఎత్తేస్తారు. కనుమ మీద కుక్కలకి వేద్దామని తెచ్చుకున్న రొట్టెల్లో ఒకటి ఆ మలుపులో విసిరేసి, వెనక్కి చూడకుండా పోతారు.

బసీలియా పాతికేళ్లుగా ఆ దారిన తిరుగుతోంది. లోయలో నారింజలు కొని ఎల్ ఆల్టో సంతలో అమ్ముతుంది. తెల్లారేసరికి సంతలో ఉండాలి కాబట్టి రాత్రే ఎక్కాలి. అన్నేళ్లూ అందరిలాగే రొట్టె విసిరింది. ఈ రెండేళ్లుగా మాత్రం విసరడం లేదు. ఆ మలుపు వస్తుందనగా శాలువా మొహం మీదికి లాక్కుంటుంది.

కొడుకు పోయిన చోటు కదా, చూడలేకపోతోంది అనుకున్నారు అందరూ.

నిజమే. కానీ అది సగమే.

కొడుకు పేరు ఫ్రోయిలాన్. వాళ్ల వ్యాను పాతది, ఆటోమేటిక్ గేర్లది. ఇంజిన్ అరిగిపోతే, తుక్కులో దొరికిన డీజిల్ ఇంజిన్ తెచ్చి తనే బిగించాడు. నెల రోజులు పట్టింది. స్టార్టయిన రోజు చక్రాల మీద సారా చల్లి, భూమితల్లికి నాలుగు చుక్కలు పోసి, తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టి వీధులన్నీ తిప్పాడు.

"ఇక నువ్వు ఎవరి బండీ ఎక్కక్కర్లేదమ్మా. దొరసానిలా ఇందులోనే తిరుగుదువుగాని."

"ముందు ఆ కొండెక్కించి చూపించరా, తర్వాత దొరసాన్ని చేద్దువుగాని," అంది బసీలియా.

ఆ వారంలోనే ఆమె లోయకి వెళ్లింది, వేరేవాళ్ల మినీబస్సులో. ఫ్రోయిలాన్ చెప్పాపెట్టకుండా వ్యాను వేసుకుని ఆమె కోసం దిగాడు. అక్కడెవరో, "మీ అమ్మ ఇందాకే వెళ్లిపోయింది," అన్నారట. ఆమెని దారిలో అందుకుందామని వెంటనే వెనక్కి తిరిగి, తొందర తొందరగా కొండెక్కాడు.

ఆమె ఇంకా లోయలోనే ఉంది. మూటలు కట్టించుకుంటోంది.

మూడు గంటల తర్వాత ఆమె ఎక్కిన మినీబస్సు ఎండుగొంతు మలుపుకి వచ్చింది. వానలో మంచు కలిసి పడుతోంది. లైట్ల వెలుగులో...

ఒక మనిషి. చేతిలో డబ్బా. ఊపుతున్నాడు.

డ్రైవరు సరదా మనిషి. "ఆపనా పెద్దమ్మా? మీ చుట్టమేమో!" అన్నాడు.

"ఆపకు నాయనా," అంది బసీలియా. "పోనీ. అది మనిషి కాదు."

రొట్టె విసిరింది. వెనక్కి చూడలేదు.

తెల్లవారాక మలుపులో ఫ్రోయిలాన్ దొరికాడు. చక్రానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు... ఒళ్లో డబ్బా. బండి మంచులో రోడ్డు వారగా ఉంది, లైట్లు ఆరిపోయి. అది రాత్రి ఎవరికీ కనపడలేదు. చలికి పోయాడన్నారు.

బసీలియా ఏడ్చింది. ఏడ్చినదాంట్లో ఒక్క మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. కూతురు ఎల్వీరాకి కూడా.

వ్యాను రెండేళ్లు పట్టా కింద పడి ఉంది. మొన్న ఒకరోజు ఎల్వీరా పట్టా లాగేసి, బళ్లు బాగుచేసే సెవెరో మేస్త్రిని పిలిపించింది. ఆయన బండి కిందికి దూరి, కాసేపటికి చేతిలో జానెడు రబ్బరు గొట్టంతో బయటికొచ్చాడు.

"ఇంజిను దేవుడిలా బిగించాడు మీవాడు. ఇదొక్కటే..." అని ఆగాడు.

"చెప్పండి మేస్త్రీ," అంది ఎల్వీరా.

"పాత రేడియేటర్ అడుగున, గేర్‌బాక్స్ ఆయిల్ చల్లబడే గొట్టం ఒకటి ఉండేదమ్మా. కొత్త ఇంజిన్‌తో పాటు వచ్చిన రేడియేటర్‌లో అది లేదు. దాంతో ఆయిల్ వచ్చే కొసా, పోయే కొసా ఈ ముక్కతో కలిపేశాడు. తర్వాత చూద్దాంలే అనుకుని ఉంటాడు. ఊళ్లో తిరిగితే ఏమీ కాదు. కొండెక్కితే ఆయిల్ చల్లబడకుండా తిరిగి తిరిగి కాగిపోతుంది. వాసనొస్తుంది... తర్వాత గేరు పట్టదు."

"అన్నయ్య ఒక్కడేనా ఇలా చేసింది?"

"ఇంజిన్లు మార్చిన ఆటోమేటిక్ బళ్లు సగం ఇలాగే ఉంటాయి. ఆ మలుపులో దెయ్యమంటారే... దెయ్యం లేదు, గియ్యం లేదు. లోయ నుంచి ఆగకుండా ఎక్కొస్తే గేర్‌బాక్స్ ఓపిక సరిగ్గా అక్కడికి అయిపోతుంది. డబ్బా ఊపేవాళ్లందరూ నీళ్లో ఆయిలో దొరక్కపోతుందా అని నిలబడ్డ మనుషులే."

గుమ్మంలో నారింజలు తుడుస్తున్న బసీలియా చెయ్యి ఆగిపోయింది. పాతికేళ్లలో ఆమె ఎన్ని రొట్టెలు విసిరింది? ఎంతమందికి?

మేస్త్రి రేడియేటర్ ముందు విడిగా చిన్న కూలర్ బిగించాడు. దానికో ఫ్యాను. లోపల వేడి చూసుకోవడానికో ముల్లు. రబ్బరు ముక్కని పారేయబోతే బసీలియా చెయ్యి చాపింది. తీసుకుని పావడా జేబులో పెట్టుకుంది.

బాగుచేశాక ఆ వ్యానుకి ఇదే మొదటి కొండ. నారింజ మూటల బరువుతో ఎక్కుతున్నారు. ఎల్వీరా స్టీరింగ్ దగ్గర.

"ముల్లు చూడమ్మా, సగానికి కూడా రాలేదు. ఎక్కడా ఆగక్కర్లేదు మనం. ఒక్క ఊపులో కనుమెక్కేస్తాం."

బసీలియా జేబులో గొట్టం ముక్కని పిడికిట్లో పట్టుకుంది.

మంచు దిగింది. మలుపు దగ్గరపడుతోంది... ఎల్వీరా అద్దం ఎత్తేసింది.

అయినా వాసన వచ్చింది. మాడిన నూనె వాసన.

"మనది కాదు," అంది ఎల్వీరా, ముల్లు వైపు చూసి. "అమ్మా... మనది కాదిది."

లైట్ల వెలుగులో మంచు తెల్లగా కదిలింది. అందులో...

ఒక మనిషి. చేతిలో డబ్బా.

ఊపుతున్నాడు.

ఎల్వీరా కాలు యాక్సిలరేటర్ మీద బిగిసింది. "శాలువా కప్పుకో. చూడకు."

"ఆపు," అంది బసీలియా.

"అమ్మా, పిచ్చా నీకు? ఆపితే..."

"ఆపవే."

బండి ఇంకా పూర్తిగా ఆగకముందే తలుపు తీసుకుని దిగింది. పావడా తడిసి కాళ్లకి చుట్టుకుంటోంది. ఆ మనిషి డబ్బా దించలేదు. ఆమె దగ్గరికెళ్లి అతని చెయ్యి పట్టుకుంది.

చెయ్యి మంచుగడ్డలా ఉంది. కానీ వణుకుతోంది. మనిషి చెయ్యే.

ముప్పై ఏళ్లుంటాయేమో. పెదాలు నీలిగా ఉన్నాయి. వెనక మంచులో అతని పాత వ్యాను పొగలు కక్కుతోంది.

"ఎంతసేపయింది నాయనా?"

"మూడు... నాలుగు గంటలమ్మా. ఆరు బళ్లు పోయాయి. రొట్టెలు విసిరారు." నవ్వబోయాడు. దవడలు కొట్టుకున్నాయి. "తిన్నాను."

బసీలియా తన శాలువా తీసి అతనికి చుట్టింది. చంటివాడికి చుట్టినట్టు, మెడ దాకా. నడిపించుకొచ్చి ఇద్దరి మధ్య కూర్చోబెట్టింది. ఎల్వీరా ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చింది. సగం ఒలికింది, సగం తాగాడు.

"నిద్రపోలేదు, నయం," అంది ఎల్వీరా. "ఇక్కడ కన్ను మూస్తే ఇక లేవరు."

"మూశానక్కా. చక్రానికి ఆనుకుని కూర్చుంటే వెచ్చగా అనిపించింది... కన్ను మూతపడింది. ఒకాయన వచ్చి లేపాడు."

"ఎవరు?"

"తెలీదు. ఆయన చేతిలోనూ డబ్బా ఉంది. ఆయన బండీ ఆగిపోయిందేమో అనుకున్నా. పడుకోకు, లేచి ఊపు అన్నాడు. మా అమ్మ వస్తోంది అన్నాడు."

ఎల్వీరా చెయ్యి గేరు మీదే ఉండిపోయింది.

బసీలియా మంచులోకి చూస్తోంది. శాలువా లేదు. మొహం కప్పుకోవడానికి ఏమీ లేదు.

"ఈ మలుపులో ఎవరూ బండి ఆపరు కదా, అని ఆయనతో అన్నాను," అన్నాడు అతను, కప్పులోకి చూస్తూ. "ఆయన మెల్లగా అన్నాడు... ఈసారి ఆపుతుందిలే, అని."

ఎల్వీరా మెల్లగా తల్లి వైపు తిరిగింది.

"ఈసారి... అంటే ఏంటమ్మా?"