మూఢంలో పొంగిన పాలు

"మా ఆయన చనిపోయాడని రుజువు చెయ్యాలి అంకుల్," అంది వసుమతి, కుర్చీలో ఇంకా కూర్చోకుండానే.

వర్ష చేతిలో కాఫీ కప్పు గాలిలోనే ఆగిపోయింది. చనిపోలేదని రుజువు చెయ్యమని ఎవరైనా వస్తారేమో గానీ, ఇదేం కోరిక! పద్మనాభం మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "కూర్చోమ్మా. మొదటినుంచీ చెప్పు," అన్నాడు.

దొంగ క్లెయిములు పట్టుకోవడంలో ఇన్సూరెన్స్ కంపెనీకి తలలో నాలుకలా పనిచేసి, రిటైరయ్యాక అమెరికాలోని చాండ్లర్‌లో డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి పద్మనాభం. లా స్కూల్లో చేరబోయే ముందు అనుభవం కోసమని ఆయన దగ్గర అసిస్టెంటుగా చేరింది వర్ష. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఆయన గాలి పీల్చి అబద్ధాన్ని పట్టేస్తాడని ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టడం ఆయనకీ ఇష్టం లేదు.

వసుమతి భర్త గోపాల్ చిప్ ఫ్యాక్టరీలో ఇంజనీరు. మార్చిలో పుస్తకాల బీరువా కొందామని ఫర్నిచర్ షాపుకి వెళ్ళాడు. తుపాకీతో వచ్చినవాడు చంపినవాళ్ళలో అతనూ ఉన్నాడు. వారం తిరక్కుండానే ఇంటర్నెట్‌లో వీడియోలు మొదలయ్యాయి. అసలు కాల్పులే జరగలేదట. తుపాకులు లాక్కోవడానికి ప్రభుత్వం ఆడించిన నాటకమట. చనిపోయినవాళ్ళంతా డబ్బు పుచ్చుకున్న నటులట. ముక్కూమొహం తెలియనివాళ్ళు వసుమతికి ఫోన్ చేసి, ఏడ్చినందుకు ఎంత ముట్టిందని అడిగేవారు. ఒకడు కెమెరా పట్టుకుని కూతురి స్కూల్ గేటు దాకా వచ్చాడు.

"అవన్నీ భరించాను అంకుల్. ఇదిగో, దీంతోనే నా వల్ల కావట్లేదు." ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. కొత్తింటి వంటగది. నల్లరాతి గట్టు మీద చిన్న క్యాంపింగ్ స్టవ్, దాని మీద పొంగుతున్న పాలగిన్నె. వెనకాల కొబ్బరికాయల పళ్ళెం పట్టుకుని నవ్వుతున్న గోపాల్.

"మా ఫ్రెండ్స్ గీతాంజలి, దివాకర్ వాళ్ళ గృహప్రవేశం. ఏప్రిల్‌లో ఇల్లు క్లోజింగ్ అయి తాళాలు చేతికొచ్చిన రోజున గీత మా వాట్సాప్ గ్రూప్‌లో పెట్టి, వెంటనే డిలీట్ చేసింది. ఆ వీడియోలు పెట్టే ఛానెల్ వాడి చేతికెలా చిక్కిందో, మార్చిలో పోయిన మనిషి ఏప్రిల్ ఫొటోలో ఎలా ఉంటాడని ఒకటే గొడవ. డిలీట్ చేశారంటే దాస్తున్నట్టేగా అంటాడు. గీతనడిగితే, నేను పెట్టిన ఫొటోలో గోపాల్ లేడక్కా, ఎవరో మార్ఫ్ చేశారు అంది. ఎక్స్‌పర్ట్‌కి చూపించాను. మార్ఫింగ్ కానే కాదన్నాడు."

"అతను పోయాడని నీకు సందేహం లేదుగా?"

"హాస్పిటల్లో ఈ చేత్తో తాకాను అంకుల్." ఆ చెయ్యి ఒళ్ళోకి లాక్కుంది. "కానీ మా పాప సాన్విని చూడనివ్వలేదు. చిన్నపిల్ల, వద్దన్నారందరూ. అదిప్పుడు నాన్న ఎక్కడో దాక్కున్నాడంటోంది. మా వీసా ఆయన మీదే ఉంది. మేం త్వరలో ఇండియా వెళ్ళిపోవాలి. అది కదలనంటోంది. నాన్న వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేకపోతే ఎలా అంటోంది. రోజూ సాయంత్రం గరాజ్ తలుపు దగ్గర కూర్చుంటోంది."

పద్మనాభం ఫొటోని పెద్దది చేసి చూశాడు. ఆ తర్వాత సంబంధం లేనట్టుగా, "ఈమధ్య మీరెప్పుడైనా ఊళ్ళో లేరా?" అని అడిగాడు.

"ఫిబ్రవరిలో నేనూ సాన్వీ రాజమండ్రి వెళ్ళాం, మా తమ్ముడి పెళ్ళికి. మూఢం వచ్చేస్తోంది, మళ్ళీ మే దాకా ముహూర్తాల్లేవని హడావిడిగా చేసేశారు. గోపాల్‌కి సెలవు దొరకలేదు."

మూఢమంటే ఏమిటో వర్షకి తెలియదు. అయినా నోట్ చేసుకుంది.

మర్నాడు ఇద్దరూ దివాకర్ ఇంటికి వెళ్ళారు. ఇంట్లో ఇంకా రంగు వాసన పోలేదు. వంటగదిలో అదే నల్లరాతి గట్టు, అందులో అమర్చిన పెద్ద గ్యాస్ స్టవ్ తళతళా మెరుస్తోంది. గీతాంజలి కాఫీ ఇచ్చింది గానీ మొహం మాత్రం పాలిపోయి ఉంది.

"పాలు ఏప్రిల్‌లోనే పొంగించారా?"

"అవునంకుల్, క్లోజింగ్ రోజునే. మేమిద్దరమే."

"ఒరిజినల్ ఫొటో ఉందా?"

"ఫోన్ మార్చానంకుల్. పోయింది." ఆమె దివాకర్ వైపు చూసింది. దివాకర్ కిటికీ వైపు చూశాడు.

పద్మనాభం లేచేసరికి ఆమె ఆదుర్దాగా అడ్డం వచ్చింది. "అయ్యో, ఇప్పుడు బయల్దేరకండి. రాహుకాలం. కాస్త ఆగి వెళ్ళండి."

"ఇదో గోల అంకుల్," అన్నాడు దివాకర్, మొదటిసారి నవ్వుతూ. "వర్జ్యం ఉందని కార్ డెలివరీ కూడా ఆపించింది."

పద్మనాభం సంతోషంగా మళ్ళీ కూర్చుని రెండో కాఫీ పుచ్చుకున్నాడు. బయటికొచ్చాక వర్ష ఉండబట్టలేక, "అంకుల్, షి ఈజ్ లయింగ్! అంత పెద్ద స్టవ్ ఉంటే చిన్న స్టవ్ ఎందుకు పెడతారు?" అంది.

"శభాష్. ఆ ప్రశ్నకి జవాబు ఆవిడే చెప్పింది, కాఫీతో పాటు," అన్నాడాయన. ఇలాంటప్పుడే వర్షకి ఆయన మీద భక్తీ కోపమూ ఒక్కసారే కలుగుతాయి.

ఆ గ్రూప్‌లో మిగిలినవాడు అవినాష్ ఒక్కడే. గోపాల్‌తో కలిసి పనిచేసేవాడు. బ్యాడ్మింటన్ క్లబ్ పార్కింగ్‌లో దొరికాడు. కారు వెనక సీట్లో రెండు రాకెట్లున్నాయి.

"ఎవరితో ఆడతావు బాబూ?" అన్నాడు పద్మనాభం.

"ఆడట్లేదు సార్. నాదీ గోపాల్‌దీ శనివారం స్లాట్ బుక్ చేసి, కాసేపు కూర్చుని పోతా. వదిలేస్తే మళ్ళీ దొరకదు గదా." అని కాస్త ఆగి, "ఎక్స్‌పర్ట్ ఏమన్నడు సార్?" అని అడిగాడు.

"ఫొటో అసలైనదేనట."

అవినాష్ మొహం ఒక్కసారిగా విప్పారింది. అంతలోనే సర్దుకుని తల దించుకున్నాడు గానీ, వర్ష చూసేసింది.

"కాల్పులు జరిగినప్పుడు ఇక్కడే ఉన్నావా?"

"లేను సార్. ట్రైనింగ్‌కి తైవాన్ పంపించిన్రు. నేనొచ్చేసరికి అన్నీ అయిపోయినయ్."

ఆదివారం మధ్యాహ్నం వసుమతి ఇంట్లో, సగం కట్టిన అట్టపెట్టెల మధ్య అందరూ కూర్చున్నారు. సాన్వి కూడా ఉండాలని పద్మనాభం పట్టుబట్టాడు. చిన్నపిల్ల అని అడ్డుచెప్పబోయింది వసుమతి. "చిన్నపిల్లని ఒకసారి దూరంగా ఉంచారు, చూశాంగా. ఈ కేసు ఆ పిల్లదేనమ్మా," అన్నాడాయన. మూడో క్లాసు చదివే సాన్వి వచ్చి, మెట్ల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"ఫొటో నిజమే," అని మొదలుపెట్టాడు పద్మనాభం. "గోపాల్ ఆ వంటగదిలో నవ్వుతూ నిలబడ్డమాటా నిజమే. అబద్ధమల్లా తేదీ. అది ఏప్రిల్‌లో తీసింది కాదు."

గీతాంజలి కొంగుతో నోరు నొక్కుకుంది.

"ఫిబ్రవరి చివర్నుంచి మే దాకా మూఢం. అప్పుడు మనవాళ్ళు పెళ్ళిళ్ళు చెయ్యరు, కొత్తిళ్ళలో పాలు పొంగించరు. వసుమతి తమ్ముడి పెళ్ళి అందుకే హడావిడిగా అయింది. ఇక గీతాంజలి సంగతి. రాహుకాలంలో మమ్మల్ని గడప దాటనివ్వలేదు. వర్జ్యంలో కారు తీసుకోలేదు. అలాంటి మనిషి మూఢంలో గృహప్రవేశం చేసిందంటే నేను నమ్మను. మంచి ముహూర్తం ఫిబ్రవరిలోనే ఉంది. కానీ ఇంటి క్లోజింగ్ ఏప్రిల్‌లో. అప్పటికి ఇల్లు బిల్డర్‌ది. గ్యాస్ స్టవ్ ఇంకా బిగించలేదు, అందుకే క్యాంపింగ్ స్టవ్. ఎవరో దయతలచి తలుపు తీశారు. ఎవరో నాకనవసరం. అవునా తల్లీ?"

దివాకర్ జవాబు చెప్పాడు. "సైట్‌లో పనిచేసే అతను, అంకుల్. ఎవరికీ చెప్పొద్దన్నాడు. తెలిస్తే ఉద్యోగం పోతుంది. మాది హెచ్‌వన్‌బీ. చెప్పకుండా చొరబడ్డామని ట్రెస్‌పాసింగ్ కేసు పెడితే వీసా ఏమవుతుందోనని భయపడ్డాం. మంచి మనసున్నోడు, పక్కన ఉంటే చాలని గోపాల్ ఒక్కణ్ణే పిలిచాం, వాణ్ణీ ఎవరికీ చెప్పొద్దన్నాం. ఏప్రిల్‌లో ఆ ఫొటో పెట్టినప్పుడు వెనకాల వాడున్నాడని గీత చూసుకోలేదు, చూడగానే డిలీట్ చేసింది."

"అక్కా, నన్ను క్షమించు," అని గీతాంజలి భోరుమంది.

వసుమతికి ఒళ్ళు మండిపోయింది. "మీ వీసా కోసం నా పిల్లని ఇన్నాళ్ళు ఆ తలుపు దగ్గర కూర్చోబెట్టారా?" అంది.

"ఫోన్ మార్చాననడం కూడా అబద్ధమేనేమో," అన్నాడు పద్మనాభం మెల్లగా. గీతాంజలి ఫోన్ తీసి, ఒక వీడియో పెట్టి, సాన్వి పక్కన మెట్టు మీద కూర్చుంది. వీడియోలోని ఖాళీ ఇంట్లో గోపాల్ గొంతు ఖంగుమంది. "పొంగాయి, పొంగాయి! మా సాన్వి ఉంటే చప్పట్లు కొట్టేది. వచ్చే వారం వస్తుంది రాజమండ్రి నుంచి, అప్పుడు చూపిస్తా."

సాన్వి వీడియో మళ్ళీ మొదటినుంచి వేయించుకుంది. అయిపోయాక, "అప్పుడు మేము అమ్మమ్మ హౌస్‌లో ఉన్నాం," అంది. తర్వాత ఇంకా నెమ్మదిగా, "సో, అది బిఫోర్," అంది.

"అవునమ్మా. ముందుదే," అన్నాడు పద్మనాభం.

ఆయన కుర్చీ మరో వైపు తిప్పాడు. "ఇక ఫొటో ఛానెల్‌కి పంపింది ఎవరు? ఆ వీడియోలంటే ఇక్కడ అందరికీ అసహ్యం. ఫొటో అసలైనదని తెలిస్తే సంతోషించినవాడు ఒక్కడే. ఇద్దరి కోసం కోర్టు బుక్ చేస్తున్నవాడు."

అవినాష్ లేచి నిలబడ్డాడు. "నేనే అక్కా. డిలీట్ గాకముందే సేవ్ చేసిన. నిన్నడగనీకి ధైర్యం రాలే. తైవాన్‌లో ఒక్కణ్ణే కూసొని ఆ వీడియోలన్నీ చూసిన. అంతా నాటకమే, ఎవ్వరూ చావలేదని వాళ్ళొక్కళ్ళే చెప్పిన్రు. నాకు గదే కావాలె అప్పుడు. ఈ ఫొటో చూడంగనే, వీడు ఉన్నడేమో చెప్పండని వాళ్ళకే పంపిన. దీన్ని పట్టుకొని నీ మీద గిట్ల పడ్తరని అనుకోలేదక్కా."

"పంపే ముందు నన్నొక్క మాట అడగాల్సింది," అంది వసుమతి.

"మరి ఆ ఛానెల్ వాడి సంగతి? ఈ వీడియో పంపిద్దామా అంకుల్?" అంది వర్ష.

"పంపితే ఇదీ నాటకమే అంటాడు. వాడు మన క్లయింట్ కాదు," అన్నాడు పద్మనాభం.

సాన్వి మెట్లు దిగి వచ్చి అవినాష్ ఎదురుగా నిలబడింది. తల ఎత్తి అతని మొహంలోకి చూసింది.

"అవినాష్ అంకుల్, మీరు కూడా నాన్నని చూడలేదా? లాస్ట్‌లో?"

"లేదు బిడ్డా."

"మీరు కూడా వెయిట్ చేశారా?"

అవినాష్ తల ఊపాడు.

"నేను కూడా," అంది సాన్వి. అతని చెయ్యి పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది. "హి ఈజ్ నాట్ కమింగ్, అంకుల్," అని అతనికి చెప్పి, అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. వసుమతి వచ్చి కూతురికి అటువైపు కూర్చుంది.